పసివాళ్లు చదివేది సీసానే

సార్వా ఊడ్పులు అయ్యాక మా కోనసీమలో పురుగుమందు కొట్టే రోజులు మొదలవుతాయి. ఒకరు లీటరు డబ్బా కొంటే పక్క చేలవాళ్లు కూడా కాస్త పోయించుకుంటారు. పోయించుకోవడానికి చేతికి దొరికేది ఖాళీ కూల్‌డ్రింక్ సీసా. వాడగా మిగిలింది అరుగు మీద స్ప్రేయర్ పక్కన ఉండిపోతుంది.

మనం సీసా మీది అక్షరాలు చదువుతాం. రెండేళ్ల పిల్ల సీసానే చదువుతుంది. ఆ ఆకారంలో ఉన్నది తియ్యగా ఉంటుందని ప్రతి పెళ్లిలోనూ మనమే నేర్పాం. పైగా చాలా మందులు నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడతాయి.

సీసా మారితే గుర్తు కూడా పోతుంది. అసలు డబ్బా మీద ముగ్గు గడిలాంటి చతురస్రం ఉంటుంది. దాని కింది సగంలో ఉండే రంగే విషం తీవ్రత చెబుతుంది: ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగినా ఫరవాలేదని కాదు. డాక్టరుకైతే రంగు కూడా చాలదు, మందు పేరు కావాలి. చొంగ, చెమటలు, సూదిమొనంత కంటిపాపలు తెచ్చే ఆర్గానోఫాస్ఫేట్ మందులకు అట్రోపిన్ ఇస్తారు. అన్ని విషాలకూ అది పనికిరాదు.

బరువు లెక్క ఒకటుంది. తాత 60 కిలోలు, మనవడు 10 కిలోలు. తాత వేసుకునే షుగరు బిళ్ల మనవడు మింగితే కిలోకి ఆరు రెట్ల మోతాదు పడ్డట్టు. కొన్ని రకాలైతే ఒక్క బిళ్లతోనే రక్తంలో చక్కెర పడిపోతుంది, అదీ కొన్ని గంటల తర్వాత. ‘ఆడుకుంటూనే ఉన్నాడుగా’ అని ఇంట్లో కూర్చోకూడదు.

నాకు ఎక్కువ భయం హారతి కర్పూరం అంటే. చక్కెర పొంగలిలో పచ్చకర్పూరం వాసన తెలిసిన పిల్లలకి అది ప్రసాదం వాసన! పూజగూడు ఎలాగూ చేతికందే ఎత్తులోనే ఉంటుంది. ఒక్క గ్రాము కూడా పసివాళ్ల ప్రాణం మీదికి తేగలదు. నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు.

సంక్రాంతికి తలుపులకు రంగులేస్తూ మా ఇంట్లో బ్రష్‌లు నానబెట్టడానికి స్టీలు గ్లాసులో టిన్నర్ పోశారు. మా మేనల్లుడు గ్లాసెత్తి గుక్కెడు తాగేశాడు. ‘ఉప్పునీళ్లు పట్టి కక్కించండ్రా’ అని అమ్మ కేకలు. వద్దన్నందుకు నన్ను ఎంత తిట్టిందో! టిన్నర్, కిరసనాయిలు లాంటివి చాలా పలచగా పారతాయి, ఏ తడి మీదైనా ఇట్టే పరుచుకుంటాయి. పొట్టలో ఉన్నంతసేపు చేసే చేటు తక్కువే. కక్కేటప్పుడు కొన్ని చుక్కలు గొంతు దగ్గర దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియాలాంటి వాపు వస్తుంది. యాసిడ్ అయితే దిగేటప్పుడు కాల్చిన గొంతునే ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. ఇక ఉప్పునీళ్లు ఎక్కువైతే అవే విషం. వాడు దగ్గుతూనే ఉన్నాడు, ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచి పంపారు.

నొక్కి తిప్పితేనే వచ్చే మూతను కెనడాలో హెన్రీ బ్రో అనే పిల్లల డాక్టరు 1967లో పట్టుబట్టి తెప్పించాడు. మంచిదే, కానీ అది పిల్లల్ని ఆలస్యం చేస్తుందంతే. మందుని కూల్‌డ్రింక్ సీసాలోకి వంపే మన అలవాటు ముందు ఏ మూతా నిలవదు. మిగిలిన మందు దాని డబ్బాలోనే ఉంచి, చేలో మకాంలో, అంటే పాకలో, పెట్టెలో పెట్టి తాళం వేయాలి. బిళ్లలు అమ్మమ్మ చేతిసంచిలో ఉండకూడదు.

జరిగిపోతే నోట్లో ఉన్నది తుడిచేయాలి. మందు ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగాలి. 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117లో రాత్రీపగలూ పలుకుతుంది. లంకల్లో వాళ్లకి వరద రోజుల్లో ఆసుపత్రి ఏటికి అవతలే కదా, పడవ కోసం చూస్తున్నప్పుడే ఆ ఫోన్ చేయవచ్చు. పిల్ల తాగిన సీసా మూత బిగించి, పడవలోకి వెంట తెచ్చుకోండి.