గురక ఆగిపోతే నిద్ర పట్టినట్లు కాదు

అనంతపురం,
ఆదివారం.

చిరంజీవులు పాపకు, అబ్బికి,

జేజి ఆశీస్సులు. చిన్నోడికి గొంతు ఆపరేషన్ అని తెలిసినప్పటి నుంచి మీరిద్దరూ "వానికి జ్వరం గూడా లేదు కదా జేజీ, ఆపరేషన్ ఎందుకు?" అని ఒకటే అడుగుతున్నారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా రాయడమే మేలనిపించింది.

ఎండాకాలం సెలవుల్లో అందరం మిద్దె మీద పండుకున్నాం కదా. ఒక రాత్రి మీరంతా నిద్రపోయినాక వాని గురక విని నాకు మెలకువ వచ్చింది. ఆరేండ్ల బిడ్డకు ఇంత గురకేమిటని టార్చి వేసి చూశాను. తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకొని ఉన్నాడు. ఉన్నట్టుండి గురక ఆగింది. అమ్మయ్య, నిద్ర పట్టిందనుకున్నాను. కానీ రొమ్ము ఎగిరెగిరి పడుతోంది, డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగల్లేదు. మనసులో లెక్కపెట్టాను. పదకొండు అనేసరికి ఒళ్లంతా ఉలిక్కిపడి, నీళ్లలోంచి తేలినవాని మాదిరి గుక్క తిప్పుకొని, పక్కకు తిరిగాడు. దిండు చెమటతో తడిసి ఉంది. కాసేపటికి మళ్లీ గురక, మళ్లీ ఆగడం. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

దీని పేరు స్లీప్ ఆప్నియా. అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం. టెంకాయ నీళ్లు తాగుతుంటే కాగితం స్ట్రా నానిపోతుంది చూడండి. గట్టిగా పీల్చేకొద్దీ అది లోపలికి అతుక్కుపోతుంది, నీళ్లు రావు. మన గొంతూ అంతే. మెలకువగా ఉన్నప్పుడు కండరాలు దాన్ని తెరిచి పట్టుకుంటాయి, నిద్రలో వదులవుతాయి. చిన్నపిల్లల్లో గొంతుకు రెండు పక్కలా టాన్సిల్స్, ముక్కు వెనక ఎడినాయిడ్స్ అని కండ ఉంటుంది. రెండేండ్ల నుంచి ఎనిమిదేండ్ల దాకా ఇవి ఉన్న చోటుకు మించి పెరుగుతాయి. దారి మూసుకుపోతే రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు మెదడు బిడ్డను సగం లేపి దారి తెరిపిస్తుంది. ప్రాణం నిలుస్తుంది గానీ నిద్ర చెడుతుంది.

నిద్ర చాలని పెద్దవాళ్లు పగలు తూగుతారు. పిల్లలు చాలామంది అట్లా తూగరు, ఇంకా ఎగురుతారు. కుదురుండదు, చదువు మీద ధ్యాస ఉండదు, ఊరికే కోపం. కొందరు పక్క తడుపుతారు, కొందరు ఎదుగుదలలో వెనకబడతారు. పక్క తడిపినందుకు నేను గూడా వాణ్ని రెండుసార్లు కసిరినాను. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో చేయిపెట్టి దేవినట్లుంటుంది.

మొదట చూపించిన డాక్టరు నోరు గూడా తెరిపించకుండా "పెద్దయితే పోతుందిలే" అన్నాడు. మీ చిన్నమ్మ ఊరుకోలేదు. రాత్రి వీడియో తీసి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించింది. ఆయన బెంగళూరులో నిద్ర పరీక్ష చేయించమన్నాడు. తలకు, కండ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు వైర్లు అతికిస్తారు. రొమ్ముకు, పొట్టకు బెల్టులు, ముక్కు కింద సన్న గొట్టం, వేలికి క్లిప్పు. సూది లేదు, నొప్పి లేదు. అమ్మ పక్కనే ఉంటుంది, బిడ్డ నిద్రపోవాలి, అంతే. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం గంటకు ఎన్నిసార్లో లెక్క తీస్తారు. పెద్దవాళ్లలో 5 దాటితే జబ్బు కింద లెక్క. పిల్లల్లో గంటకు ఒక్కసారైనా మామూలు కాదు, 10 దాటితే తీవ్రం. మనవానికి 14 వచ్చింది.

అందుకే టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసేస్తున్నారు. గురకపెట్టే ప్రతి బిడ్డకూ కత్తి పెట్టాల్సిన పని లేదు. 2013లో అమెరికా డాక్టర్ల పరిశీలన ఒకటి వచ్చింది. ఈ జబ్బున్న 5 నుంచి 9 ఏండ్ల పిల్లల్లో కొందరికి వెంటనే ఆపరేషన్ చేశారు, కొందరిని కనిపెట్టుకొని ఉన్నారు. ఏడు నెలలకు ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 79 మందికి పరీక్ష మామూలుకొచ్చింది, చేయనివాళ్లలో గూడా 46 మందికి వచ్చింది. కాబట్టి జబ్బు తక్కువగా ఉంటే ముక్కులో కొట్టే మందుతో కొన్ని వారాలు చూస్తారు. మనవానిది అట్లా చూస్తూ ఉండే రకం కాదు. ఒళ్లు ఎక్కువున్న పిల్లలకు ఆపరేషన్ తర్వాత గూడా కొంత మిగలొచ్చు, వాళ్లకు మళ్లీ పరీక్ష చేయాలి.

మీ జేజినాయన మంచం పక్కన మాస్కు మిషన్ ఉంది కదా, అదీ ఈ జబ్బుకే. పెద్దవాళ్లలో మెడ చుట్టూ కొవ్వు, చిన్న దవడ, వెల్లకిలా పండుకోవడం, మద్యం తాగడం దీన్ని పెంచుతాయి. ఆయనకు రెండు మాత్రలు మింగినా బీపీ దిగేది కాదు, పొద్దున్నే తలనొప్పి, బస్సెక్కితే తూగు. "ఎద్దు మాదిరి నిద్రపోతాడు" అని అందరం మురిసేవాళ్లం. ఆ మిషన్ ఆక్సిజన్ ఇవ్వదు, మామూలు గాలినే ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా పట్టుకుంటుంది. సిడ్నీ డాక్టరు కాలిన్ సల్లివాన్ 1981లో దీన్ని లోకానికి చెప్పాడు. మొదటి మిషన్‌కు ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మోటారు వాడాడట. మాస్కు మొదటి నెల చిరాకు పెడుతుంది. ఓపిక పట్టినందుకే ఆయన ఇప్పుడు పగలంతా హుషారుగా ఉన్నాడు.

చిన్నోడు ఆపరేషన్ అయినాక ఇక్కడికే వస్తాడు. వారం పది రోజులు గొంతు మండుతుంది. మెత్తటి అన్నం, మజ్జిగ, ఐస్‌క్రీమ్ పెడదాం. వాని ముందర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినొద్దండి. ఉమ్మిలో ఎర్రని రక్తం కనబడితే మాత్రం అర్ధరాత్రయినా మమ్మల్ని లేపండి, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

పాపా, నీకొక పని. మీ నాయన గూడా గురక పెడతాడని మీ అమ్మ చెప్పింది. రాత్రి ఆయన వెల్లకిలా పండుకున్నప్పుడు రెండు నిమిషాలు వీడియో తీయి. ముఖం కాదు, రొమ్ము కనబడాలి, చప్పుడు వినబడాలి. మధ్యలో గురక ఆగితే మళ్లీ ఊపిరి వచ్చేదాకా లెక్కపెట్టు. ఆ లెక్క రాసి నాకు పంపు.

మీ జేజి