పాత ఇంజిన్‌కు సింథటిక్ ఆయిల్: అపోహలు - వాస్తవాలు

ముడి చమురును మామూలుగా శుద్ధి చేసి తీసేది మినరల్ ఆయిల్, అణువుల స్థాయిలో మార్చి తయారుచేసేది సింథటిక్. బాగా తిరిగిన బండిని సర్వీసింగుకు తెచ్చేవాళ్లు ఇంజిన్ ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరికి భయం: "లక్షన్నర కిలోమీటర్లు దాటింది, ఇప్పుడు సింథటిక్ పోస్తే సీళ్లు పోతాయటగా?" కొందరికి ఆశ: "ఆయిల్ తాగుతోంది, సింథటిక్ పోస్తే సర్దుకుంటుందటగా?" ఇద్దరికీ నా జవాబు ఒకటే. ముందు ఆయిల్ పోసే మూత విప్పి, టార్చ్ వేసి లోపలికి చూద్దాం. అక్కడ కనిపించేదాన్ని బట్టే మిగతా మాట.

లోపలి భాగాల మీద తేనె రంగు పొర మాత్రమే ఉంటే, ఎన్ని కిలోమీటర్లు తిరిగినా ఆ ఇంజిన్‌కు వేళకు ఆయిల్ మార్చారని అర్థం. నల్లగా గ్రీజులాంటి మడ్డి పేరుకుని ఉంటే కథ వేరు. మీటర్ మీద అంకె కంటే నేను ఈ మూతనే ఎక్కువ నమ్ముతాను.

అపోహ: సింథటిక్ పోస్తే పాత ఇంజిన్ లీకవడం మొదలవుతుంది

వాస్తవం: ఈ మాట ఊరికే పుట్టలేదు. కార్లకు సింథటిక్ ఆయిల్ మార్కెట్లోకి వచ్చింది 1970లలో. మొబిల్ 1 అమెరికాలో 1974లో వచ్చింది. డబ్బాలోని ఆయిల్‌లో రసాయనాలు పోగా మిగిలే ప్రధాన ద్రవాన్ని బేస్ ఆయిల్ అంటారు. అలాంటి ఆయిళ్లలో వాడే పీఏఓ అనే బేస్ ఆయిల్‌కు ఒక గుణం ఉంది. మినరల్ ఆయిల్ రబ్బరు సీల్‌ను కాస్త ఉబ్బించి ఉంచుతుంది, పీఏఓ అలా ఉబ్బించదు, పైగా కొంచెం కుదించే రకం. ఏళ్ల తరబడి మినరల్ ఆయిల్‌లో ఉబ్బి కూర్చున్న సీల్ ఆ మార్పుతో కాస్త చిక్కిందంటే అంచు దగ్గర చెమ్మ కనిపించేది. ఆ తర్వాత కంపెనీలు సీల్‌ను ఉబ్బించే ఎస్టర్లను, అదే పని చేసే ఇతర రసాయనాలను తగు పాళ్లలో కలపడం మొదలుపెట్టాయి. ఇప్పటి ఏపీఐ (అమెరికా), ఏసీఈఏ (యూరప్) ఆయిల్ ప్రమాణాల్లో సీల్ రబ్బరు మీద పరీక్ష కూడా ఒక భాగం. ఆయిల్ మారి చాలాకాలమైంది, దాని మీద వచ్చిన మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

మరి మొన్న సింథటిక్ పోయించిన బండి కింద ఇవాళ మరకలు ఎందుకు పడుతున్నాయి? సీల్ అప్పటికే వేడికి గట్టిపడి, పెళుసెక్కి ఉంటుంది. దాని అంచున పేరుకున్న మడ్డే ఇన్నాళ్లూ బిరడాలా పనిచేస్తుంటుంది. కొత్త ఆయిల్‌లో శుభ్రం చేయడానికి కలిపే డిటర్జెంట్లు ఆ మడ్డిని కరిగించేసరికి దారి తెరుచుకుంటుంది. అంటే లీక్ పాతదే, బయటపడటమే కొత్త. మంచి డిటర్జెంట్లున్న మినరల్ ఆయిల్ వేళకు మారుస్తూ పోయినా కొన్నాళ్లకు ఇదే జరుగుతుంది.

ఇంకో కారణం ఉంది, దీన్ని చాలామంది చూడనే చూడరు. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గ్యాస్ కిందికి, క్రాంక్ అనే ఇరుసు తిరిగే గదిలోకి జారుతుంది. అరిగిన ఇంజిన్‌లో ఇది ఎక్కువ. ఆ గ్యాస్‌ను తిరిగి ఇంజిన్ గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి పంపేది పీసీవీ వాల్వ్. అది మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, దారి దొరికిన ప్రతి సీల్ దగ్గరా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఒకాయన సింథటిక్ పోసిన నెలకు వెనక క్రాంక్ సీల్ లీకవుతోందని మండిపడుతూ వచ్చారు. ఆ సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, చిన్న పని కాదు. ముందు పీసీవీ వాల్వ్ ఊడదీసి ఊపితే, గలగలమనాల్సింది చప్పుడే లేదు, లోపల బిగుసుకుపోయింది. వేలెడంత వాల్వ్, దాని గొట్టం మార్చాం. ఇంజిన్ అడుగు కడిగి వారం నడపమన్నాను. తర్వాత వెనకాల పొడిగానే ఉంది, ఇంజిన్ పైమూత అయిన టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర మాత్రం సన్నటి చెమ్మ. పైన కారింది వెనక్కి జారి కింద బొట్లు పడుతుంటే వెనక సీల్ పోయిందనుకోవడం మా పనిలో రోజూ జరిగే పొరపాటే. అందుకే కడగకుండా ఏ లీక్ మీదా తీర్పు చెప్పను.

అపోహ: సింథటిక్ పల్చన, అరిగిన ఇంజిన్‌కు చిక్కటి ఆయిలే కావాలి

వాస్తవం: చిక్కదనాన్ని నిర్ణయించేది గ్రేడ్. సింథటిక్ అయినా మినరల్ అయినా 40 గ్రేడ్ అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) లోపు ఉండాలి. 15డబ్ల్యూ-40 మినరల్, 5డబ్ల్యూ-40 సింథటిక్ రెండూ వేడెక్కాక ఈ కొలతలోనే ఉంటాయి. తేడా చల్లగా ఉన్నప్పుడు. డబ్ల్యూ అంటే వింటర్. ఆ ముందు అంకె ఎంత తగ్గితే చల్లటి ఇంజిన్ స్టార్టయినప్పుడు ఆయిల్ అంత త్వరగా పైకెక్కుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున మొదటి క్షణాల్లో జరిగే అరుగుదలను తగ్గించేది ఈ గుణమే.

అసలు గొడవ ఎక్కడ వస్తుందంటే, చాలామంది ఒకేసారి రెండు మారుస్తారు. నిన్నటిదాకా 15డబ్ల్యూ-40 వాడి, సింథటిక్ పేరుతో 5డబ్ల్యూ-30 పోయిస్తారు. ప్రెషర్ కాస్త తగ్గుతుంది, టాపెట్ చప్పుడు వినిపిస్తుంది, నింద సింథటిక్ మీద పడుతుంది. మారింది రెండో అంకె. బండితో వచ్చిన పుస్తకం చూడండి. అందులో 30, 40 రెండూ ఒప్పుకుంటే బాగా తిరిగిన ఇంజిన్‌కు నేను 40 వైపే మొగ్గుతాను.

అలాగని ఇంకా చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు. 30కి తయారైన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే గేజ్‌లో ప్రెషర్ పెరగొచ్చు. కానీ ప్రెషర్ పెరగడం వేరు, ఆయిల్ చేరడం వేరు. వాల్వ్ టైమింగ్‌ను ఆయిల్ ప్రెషర్‌తో మార్చే ఇంజిన్లలో సన్నటి దారులుంటాయి. అక్కడ చిక్కటి ఆయిల్ నిదానంగా కదిలి వేరే తలనొప్పులు తెస్తుంది.

అపోహ: ఒకసారి సింథటిక్ పోస్తే మళ్లీ వెనక్కి రాకూడదు, మినరల్‌తో కలిస్తే గడ్డకడుతుంది

వాస్తవం: కలిపినా ఏమీ గడ్డకట్టదు. ఏపీఐ ప్రమాణం పొందాలంటే ఇతర ఇంజిన్ ఆయిళ్లతో సక్రమంగా కలవాలన్నది ఒక షరతు. సెమీ సింథటిక్ అని డబ్బా మీద రాసి అమ్మేది ఈ రెండింటి మిశ్రమమే కదా. దారిలో లెవెల్ తగ్గితే అదే గ్రేడ్‌లో దొరికింది పోసి ఇంటికి రండి. కలిపినందుకు సింథటిక్ ప్రత్యేకత కొంత పలచబడుతుంది, అంతే. తర్వాతి సర్వీసింగుకు మినరల్‌కు వెళ్లినా ఇంజిన్‌కు పట్టింపు లేదు.

అపోహ: ఫుల్ సింథటిక్‌లో ముడి చమురు చుక్క కూడా ఉండదు

వాస్తవం: చాలా డబ్బాల్లో ఉండేది ముడి చమురు నుంచి వచ్చిందే. దాన్ని హైడ్రోజన్‌తో, అధిక ఒత్తిడిలో అణువుల రూపమే మారేంతగా శుద్ధి చేస్తారు. గ్రూప్ 3 బేస్ ఆయిల్ అంటే ఇదే. దీన్ని సింథటిక్ అనొచ్చా అని మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య అమెరికాలో వాదన నడిచింది. అక్కడ ప్రకటనల తగవులు చూసే సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వైపు చెప్పింది. అప్పటినుంచి ఆ మాట అందరూ వాడుతున్నారు. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల కంటే వెనకవైపు ఏ ప్రమాణం, ఏ బండి కంపెనీ ఆమోదం రాసి ఉందో చూడటం ముఖ్యం.

అపోహ: మార్చేముందు ఇంజిన్ ఫ్లష్ తప్పనిసరి

వాస్తవం: ఆయిల్ దించేముందు లోపలి మడ్డి కడగడానికి పోసే ద్రవమే ఫ్లష్. లోపల శుభ్రంగా ఉన్న ఇంజిన్‌కు ఫ్లష్ అక్కర్లేదు. మడ్డి నిండిన ఇంజిన్‌కు ఫ్లష్ ప్రమాదం. అంటే ఎవరికి కావాలనిపిస్తుందో వాళ్లకే అది పోయకూడదు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పని కొత్తలో మడ్డి పట్టిన ఒక ఇంజిన్‌లో ఫ్లష్ పోసి, డబ్బా మీద రాసినన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, దించేసి, కొత్త ఆయిల్ పోసి పంపాను. దించినప్పుడు వచ్చిన నల్లటి ద్రవం చూసి నా పనితనానికి నేనే మురిసిపోయాను. రెండో రోజు ఫోన్: ఆయిల్ లైటు వెలుగుతోందని. ఆయన వెంటనే ఇంజిన్ ఆపేశారు కాబట్టి బేరింగులు దక్కాయి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దించి చూస్తే పంపుకు ఆయిల్ అందించే జల్లెడ నిండా పెచ్చులు. ఫ్లష్ మడ్డిని కరిగించలేదు, ఊడగొట్టి తీసుకెళ్లి సరిగ్గా గొంతు దగ్గర పెట్టింది.

అప్పటినుంచి మడ్డి ఉన్న ఇంజిన్‌కు నా పద్ధతి నిదానం. పుస్తకం చెప్పిన గ్రేడ్‌లో మంచి ఆయిల్, కొత్త ఫిల్టర్. రెండు మూడు వేల కిలోమీటర్లకే మళ్లీ రెండూ మార్చడం. ఇలా రెండు మూడు దఫాలు. డిటర్జెంట్లు మడ్డిని కొంచెం కొంచెంగా తీసి ఫిల్టర్‌కు అప్పగిస్తాయి. మరీ ముదిరిపోయి ఉంటే చాంబర్, టాపెట్ కవర్ విప్పి చేత్తో శుభ్రం చేయడమే. ఈ దఫాల్లో ఖరీదైన సింథటిక్ పోయించను. త్వరగా పారబోసేదానికి అంత అవసరం లేదు.

అపోహ: ఆయిల్ తాగే ఇంజిన్ సింథటిక్‌తో బాగవుతుంది

వాస్తవం: కొంత తగ్గే అవకాశం నిజంగానే ఉంది, అయితే చిన్న భాగంలోనే. తగ్గే ఆయిల్‌లో కొంత వేడికి ఆవిరైపోయేది. దీన్ని కొలవడానికి 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత బరువు తగ్గిందో చూస్తారు. పెట్రోల్ కార్ల ఆయిళ్లకు ఏపీఐ పరిమితి 15 శాతం, మంచి సింథటిక్‌లు దానికంటే బాగా తక్కువలో ఉంటాయి. ఆ మేరకు ఆదా.

అరిగిన రింగుల్ని, గీతలు పడ్డ బోర్‌ను, అంటే సిలిండర్ గోడను, ఏ ఆయిలూ నింపలేదు. పొద్దున స్టార్ట్ చేయగానే, లేదా సిగ్నల్ దగ్గర కాసేపు ఆగి కదలగానే నీలం పొగ ఒక్కసారి వచ్చి పోతే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. బరువు మీద లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగుల్ని. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, కొలిచి చూసి, తక్కువ ఉన్న సిలిండర్‌లో ఓ చెంచా ఆయిల్ వేసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్ ప్యాకింగో. రింగులు అరగకుండా కార్బన్‌తో ఇరుక్కుపోయి ఉంటే మాత్రం శుభ్రమైన ఆయిల్‌తో కొన్ని వేల కిలోమీటర్లలో కాస్త వదులవడం చూశాను. అన్నిసార్లూ కాదు, అందుకే ఎవరికీ మాట ఇవ్వను.

వెయ్యి కిలోమీటర్లకు లీటరు తాగే బండికి సింథటిక్ పోయమంటే నేనే వద్దంటాను. సరైన గ్రేడ్ మినరల్ పోసి, లెవెల్ చూసుకుంటూ, ఇంజిన్ పనికి సిద్ధపడటమే దారి.

అపోహ: సింథటిక్ అయితే రెట్టింపు కిలోమీటర్లు తిప్పొచ్చు

వాస్తవం: సింథటిక్ వేడికి త్వరగా చెడదు, అది నిజం. టర్బో ఉన్న ఇంజిన్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. బండి ఆపేశాక ఆ వేడంతా బేరింగులో నిలిచిపోయిన కాస్త ఆయిల్ మీదే పడుతుంది. అక్కడ మినరల్ త్వరగా మాడి బొగ్గవుతుంది. బాగా తిరిగిన టర్బో బండి, లోపల శుభ్రంగా ఉంటే, సింథటిక్‌కు మారమని నేనే అడిగి మరీ చెబుతాను.

కానీ ఆయిల్‌ను చెడగొట్టేది వేడి ఒక్కటే కాదు. కాలని పెట్రోల్, నీటి ఆవిరి, మసి, ఆమ్లాలు రింగులు దాటి వస్తూనే ఉంటాయి. పాత ఇంజిన్‌లో ఇంకా ఎక్కువ. వీటిని మోయగల శక్తి ఏ ఆయిల్‌కైనా ఇంతే అని ఉంటుంది. ఫిల్టర్ సంగతీ అంతే. అందుకని బండి పుస్తకం చెప్పిన దూరం దాటనివ్వను. రోజూ చిన్న చిన్న దూరాలే తిరిగే బండికైతే ఇంకా ముందే.

అపోహ: కొత్త ఆయిల్ త్వరగా నల్లబడితే నకిలీది

వాస్తవం: నల్లబడటం మసిని పట్టి ఉంచుతోందనడానికి గుర్తు. డీజిల్ బండిలో పోసిన రోజే నల్లబడొచ్చు. చాన్నాళ్లయినా రంగే మారకపోతే అది తన పని చేస్తోందా అని నేను ఆలోచిస్తాను.

అపోహ: బైకులో సింథటిక్ పోస్తే క్లచ్ జారుతుంది

వాస్తవం: చాలా బైకుల్లో క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. జారేలా చేసేది కార్ల ఆయిళ్లలో రాపిడి తగ్గించడానికి కలిపే రసాయనాలు. డబ్బా మీద బైకు ఆయిళ్లకు ఇచ్చే జపాన్ ప్రమాణం జేఏఎస్ఓ ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే, సింథటిక్ అయినా నిశ్చింతగా పోయించుకోవచ్చు. అప్పటికీ జారుతుంటే క్లచ్ ప్లేట్లు చూడాలి.

మారుస్తున్నారా, అయితే ఒక చిన్న పని చేయండి. పాత ఆయిల్ దించకముందే ఇంజిన్ అడుగు, టాపెట్ కవర్ చుట్టూ కడిగించి, నాలుగు రోజులు నడిపి, ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఫిల్టర్ కూడా కొత్తది వేయించండి. పోశాక మొదటి వెయ్యి కిలోమీటర్ల వరకు వారానికోసారి, సమతలంగా ఉన్న చోట బండి ఆపి, ఇంజిన్ ఆగాక కొన్ని నిమిషాలు వదిలేసి గేజ్ పుల్ల తుడిచి లెవెల్ చూడండి. కింద చెమ్మ కనిపిస్తే ఆ ఫొటోలు తీసుకుని మెకానిక్ దగ్గరికి రండి. ఆ చెమ్మ ముందే ఉందా, కొత్తగా వచ్చిందా అని వాదించుకోవడం తప్పుతుంది, నేరుగా ఆ సీల్ దగ్గరికే స్పానర్ వెళుతుంది.