కంప్యూటర్ నెమ్మదించిందా? ముందు దాన్నే అడగండి

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. కంప్యూటర్ కాస్త నెమ్మదిస్తే చాలు, "ఇది పాతదైపోయింది, కొత్తది కావాలి" అని మీలో చాలామంది అంటుంటారు. లేదంటే స్పీడ్ పెంచుతామని చెప్పుకునే యాప్ ఏదో వెతికి వేసేస్తారు. ఈ రెండింటికీ ముందు, అందులో ఇప్పటికే ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే విండోస్ లాంటి మూల సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా వాడుకోవడం నేర్చుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం. లోపల ఏం జరుగుతోందో అదే మీకు చూపిస్తుంది. చూడటం అలవాటైతే చాలా ఇబ్బందులకు మందు కూడా అక్కడే దొరుకుతుంది.

మీరు పాట వింటూ, నోట్స్ టైప్ చేస్తూ, మధ్యలో బ్రౌజర్ తెరుస్తారు. అన్నీ ఒకేసారి నడుస్తున్నట్టే ఉంటుంది. కానీ ప్రాసెసర్‌లో పని చేసే భాగాలైన కోర్‌లు కొన్నే, నడవాల్సిన పనులు చాలా ఎక్కువ. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కోదానికీ కొన్ని మిల్లీసెకన్ల చొప్పున వంతులు వేస్తుంది. వంతు అయిపోగానే దాన్ని ఆపి, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, ఇంకోదాన్ని పిలుస్తుంది. నడుస్తున్న పనులు తాత్కాలికంగా ఉండే మెమరీ అయిన ర్యామ్‌లో దేనికెంత చోటివ్వాలి, డిస్క్‌లో ఏ ఫైల్ ఎక్కడుంది, ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని జోలికి పోకుండా ఎలా చూడాలి అన్నదంతా దాని బాధ్యతే. ఈ పనంతా చూసుకునే అసలు భాగాన్ని కెర్నల్ అంటారు.

ఇప్పుడు మీది విండోస్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మ్యాక్‌లో ఈ పనికి యాక్టివిటీ మానిటర్ ఉంది. లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో సిస్టమ్ మానిటర్ ఉంటుంది, కమాండ్‌లు టైప్ చేసే టెర్మినల్ అలవాటున్నవాళ్లు 'టాప్' అనే కమాండ్ వాడతారు. సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ అని వరుసలు కనిపిస్తాయి కదా, మెమరీ అన్న చోట నొక్కితే ఎక్కువ తింటున్నవి పైకొస్తాయి. చాలాసార్లు అన్నిటికన్నా పైన ఉండేది బ్రౌజరే. మూయకుండా వదిలేసిన ట్యాబ్‌లు ఒక్కొక్కటీ కొంత ర్యామ్ పట్టుకుని కూర్చుంటాయి. ర్యామ్ నిండిపోతే, ప్రస్తుతం వాడని భాగాన్ని సిస్టమ్ డిస్క్ మీదికి తరలించి చోటు చేస్తుంది. కావాల్సినప్పుడు మళ్లీ వెనక్కి తెస్తుంది. డిస్క్ ర్యామ్ కన్నా చాలా నెమ్మది కాబట్టి ఇలా అటూ ఇటూ మోయడం మొదలైందంటే మౌస్ నొక్కాక విండో రావడానికి ఎదురుచూడాల్సి వస్తుంది. అక్కర్లేని ట్యాబ్‌లు మూసి చూడండి, తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది.

విండోస్ టాస్క్ మేనేజర్‌లోనే పెర్ఫార్మెన్స్ పేజీలో మెమరీ మీద నొక్కితే 'క్యాష్డ్' అని కొన్ని జీబీలు కనిపిస్తాయి. ర్యామ్ వృథా అవుతోందని టెన్షన్ పడకండి. మీరు మళ్లీ అడిగే అవకాశమున్న ఫైళ్లను సిస్టమ్ అందులో దగ్గరగా ఉంచుకుంటుంది. ఇంకో ప్రోగ్రామ్‌కు చోటు కావాలంటే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. ర్యామ్ శుభ్రం చేస్తామనే యాప్‌లు తరచూ ఇలా దాచుకున్నదాన్నే పారేస్తాయి. ఆ తర్వాత అదంతా డిస్క్ నుంచి మళ్లీ మోసుకురావాలి. అలాంటివి దయచేసి వేయకండి.

అదే పేజీలో సీపీయూ కింద 'అప్ టైమ్' అని ఉంటుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా అది కొన్ని రోజుల లెక్క చూపించవచ్చు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల అలా జరుగుతుంది. షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రామ్‌లన్నీ మూతపడతాయి కానీ, కెర్నల్ ఉన్న స్థితిని మాత్రం సిస్టమ్ డిస్క్‌లో రాసిపెట్టుకుంటుంది. మర్నాడు ఆన్ చేస్తే దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. త్వరగా ఆన్ అవుతుంది, నిజమే. కానీ వైఫై పనిచేయకపోవడానికి కారణం ఏదో డ్రైవర్ (ఒక పరికరాన్ని సిస్టమ్ చేత నడిపించే చిన్న ప్రోగ్రామ్) మొండికేయడమే అయితే, అదే మొండితనంతో తెల్లారి మళ్లీ లేస్తుంది! రీస్టార్ట్ అలా కాదు, కెర్నల్‌ను మొదటి నుంచీ కొత్తగా లోడ్ చేస్తుంది. కాబట్టి ఏదైనా తేడాగా అనిపిస్తే షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయండి. ఎన్నాళ్ల నుంచో కంప్యూటర్ వాడుతున్నవాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు, అందుకే ఇంత వివరంగా రాశాను.

ఆన్ చేయగానే బరువుగా అనిపిస్తే టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ చూడండి. మీరు పిలవకుండానే వచ్చి కూర్చునేవన్నీ అక్కడుంటాయి. రోజూ వాడనివాటిని డిసేబుల్ చేయండి. అలా చేస్తే ప్రోగ్రామ్ ఎక్కడికీ పోదు, మీరు తెరిచినప్పుడే వస్తుంది. యాంటీవైరస్‌నూ, అదేమిటో మీకు తెలియనివాటినీ ముట్టుకోకండి.

కీబోర్డు గురించి కాస్త చెప్పాలి. కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతి 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ల్యారీ టెస్లర్, ఆయన సహచరుల చేతిలో రూపుదిద్దుకుంది. మనం ఇప్పటికీ ఒకసారికి ఒకటే కాపీ చేసుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటాం. విండోస్ కీతో పాటు వి నొక్కి, మొదటిసారి అడిగినప్పుడు ఆన్ చేయండి. ఆ తర్వాత మీరు కాపీ చేసినవి వరుసగా కనిపిస్తాయి, కావాల్సింది ఎంచుకోవచ్చు. విండోస్ కీతో ఎడమ బాణం నొక్కితే తెరిచిన విండో సగం తెరకు సర్దుకుంటుంది, మిగతా సగంలో ఇంకోటి పెట్టుకుని చూస్తూ రాసుకోవచ్చు. తెలుగు టైపింగ్‌కు కూడా వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కలుపుకుంటే విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి భాష మార్చుకోవచ్చు.

అప్‌డేట్‌లను వాయిదా వేస్తూ పోకండి. వాటిలో చాలా భాగం, దొంగలు దూరడానికి వీలున్న కన్నాలను పూడ్చడానికే వస్తాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కంప్యూటర్ విండోస్ 11ను తీసుకోలేకపోతే దాన్ని మూలన పడేయక్కర్లేదు, లినక్స్ ప్రయత్నించండి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టిన కెర్నల్ అది. ఆండ్రాయిడ్ ఫోన్లలో నడిచేదీ ఆ కెర్నలే. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోవచ్చు, అంతవరకూ డిస్క్‌లో ఉన్నదానికి ఏమీ కాదు.

ఇక బ్యాకప్. క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అని ధీమాగా ఉండకండి. ఒకచోట డిలీట్ చేసిన ఫైల్ సింక్ అయిన ప్రతిచోటా డిలీట్ అవుతుంది. కొన్నాళ్లు ట్రాష్‌లో ఉంటుంది, ఆ తర్వాత అదీ పోతుంది. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో 2007 నుంచీ టైమ్ మెషీన్ ఉన్నాయి. ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తగిలించి, ఒకసారి ఆన్ చేస్తే మిగతా పని అవే చూసుకుంటాయి. బ్యాకప్ అయ్యాక డ్రైవ్‌ను తీసి పక్కన పెట్టండి, లేదంటే వైరస్ వచ్చిన రోజున అది కూడా దాని చేతికి చిక్కుతుంది. మొదటి బ్యాకప్ పూర్తయిన రోజే అందులోంచి ఒక ఫైల్‌ను వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి.

ఇట్లు,
మీ తాతయ్య