కోర్డ్ సూర్ సియెల్: కొండ మీది ఊరి గురించి అపోహలు - వాస్తవాలు

ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్ల దగ్గరికి ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే, వాళ్లను చుట్టుపక్కల ఊళ్లు తిప్పి చూపించడం నా పని. అందులో నాకు బాగా ఇష్టమైనది కోర్డ్ సూర్ సియెల్. ఆల్బీ పట్టణానికి దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో, సేరూ నది లోయకు పైన కొండ మీద ఉంటుంది. కారు దిగకముందే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇది ఎవరో రాజుగారి కోట.

గోల్కొండ, కొండపల్లి చూసిన కళ్లకు ఆ గోడలు, ద్వారాలు చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ఇది మామూలు జనం కోసం కట్టిన ఊరు. కాథర్లు అనే మతవర్గాన్ని అణచడానికి 1209లో మొదలైన యుద్ధంతో ఈ ప్రాంతమంతా నలిగిపోయింది. 1222లో తులూజ్ ప్రభువు ఏడవ రేమోన్ ఈ ఊరికి శాసనం ఇచ్చి, వచ్చి స్థిరపడేవాళ్లకు కొన్ని పన్నులు, సుంకాలు తీసేశాడు. జనం వచ్చారు, వాళ్ల వెంట బట్టల వ్యాపారం, తోళ్ల వ్యాపారం వచ్చాయి.

అపోహ: పెద్ద మేడలన్నీ వేట అధికారులవి.

"మహా వేటగాడి ఇల్లు", "మహా డేగలవాడి ఇల్లు" అనే పేర్లు విని అందరూ ఇదే అనుకుంటారు. గోడ మీది శిల్పాలను బట్టి ఆ పేర్లు చాలా తర్వాత వచ్చాయి. కట్టించుకున్నది డబ్బున్న వ్యాపారులు. వేటగాడి ఇంటి ముందు కాసేపు ఆగి తల పైకెత్తి చూడండి. గుర్రం మీద వేటగాడు, కుక్కలు, అడవిపంది, కుందేలు కనిపిస్తాయి. తర్వాత చూపు కిందికి దించితే పెద్ద పెద్ద రాతి కమానులు. అవి దుకాణాలు. చీరాలలో బట్టల కొట్టు నడిపిన ఒక పెద్దాయన వాటిని చూడగానే, "కింద కొట్టు, పైన కాపురం. మా బజారే కదమ్మా ఇది!" అన్నారు. నేను అరగంట చెప్పేది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

అపోహ: "ఆకాశం మీది కోర్డ్" పాతకాలపు పేరు.

కాదు, ఊరి పేరుకు "సూర్ సియెల్" (ఆకాశం మీది) అనే మాట అధికారికంగా చేరింది 1993లోనే. పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. శరదృతువులో తెల్లవారే వస్తే లోయంతా పొగమంచుతో నిండి, ఊరు ఒక్కటే పైన తేలుతున్నట్టు ఉంటుంది.

అపోహ: సంత మండపంలోని బావిలోకి మతవిచారణ అధికారులను (కాథర్లలాంటి వాళ్లను విచారించే చర్చి అధికారులను) తోసేశారు.

దీన్ని నేను జనం చెప్పుకునే కథగానే చెబుతాను. బావి లోతు మాత్రం నిజంగా 110 మీటర్లు దాటుతుంది. అంత రాతిని మనుషులు చేత్తో తొలిచారని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అపోహ: గంటలో చూసేయొచ్చు.

ఎక్కడానికే టైమ్ పడుతుంది. దారంతా గుండ్రాళ్లు, బాగా ఏటవాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సీజన్‌లో కింది నుంచి నడిచే చిన్న టూరిస్టు బండి ఎక్కడం మేలు. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్లలో వంట ఆపేస్తారు, కాబట్టి పన్నెండున్నరకల్లా కూర్చోండి. శాకాహారులు ముందే ఫోన్ చేసి అడగాలి, లేకపోతే పెద్దవాళ్లు సలాడ్‌తో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. చలికాలంలో షాపులు చాలావరకు మూసి ఉంటాయి.

ఇంకొక మాట. ఇది మ్యూజియం కాదు. వెయ్యి మంది లోపే అయినా, ఇక్కడ కాపురాలున్నాయి. కిటికీల్లోంచి లోపలికి ఫొటోలు తీయకండి. షాపులో అడుగుపెట్టగానే ముందు "బోంజూర్" (నమస్కారం) అనండి, ధర తర్వాత అడగండి.