పిల్లల ఎముకలో గడ్డ: ఓపీలో రోజూ వినే అపోహలు

మొన్న ఎల్బీ నగర్ నుంచి ఒకాయన వచ్చారు, ఎనిమిదేళ్ల బాబు సైకిల్ మీంచి పడి భుజం దగ్గర ఎముక విరిగింది, ఎక్స్‌రే రిపోర్ట్‌లో సిస్ట్ అని రాశారట, రాత్రంతా ఫోన్‌లో వెతికి పొద్దున్నే వచ్చి కూర్చోకుండానే అడిగారు, "సార్, క్యాన్సరేనా?"

అపోహ: ఎముకలో గడ్డంటే క్యాన్సరే.

కాదండీ. పిల్లల ఎముకల్లో మాకు కనపడేవాటిలో చాలావరకు మామూలు గడ్డలే. ఈ బాబుది సింపుల్ బోన్ సిస్ట్, అంటే ఎముక లోపల నీళ్లు నిండిన ఖాళీ, చుట్టూ గోడ పలచబడిపోయి చిన్న దెబ్బకే విరుగుతుంది, అప్పటిదాకా అది ఉన్నట్టు ఎవరికీ తెలీదు. స్లింగ్ వేస్తే విరిగింది అతుక్కుంటుంది, సిస్ట్ సంగతి తర్వాత చూస్తాం.

అపోహ: ఉందని తెలిశాక వెంటనే తీయించెయ్యాలి.

దీనికే మా దగ్గర ఎక్కువ గొడవ. మోకాలి దగ్గర నాన్ ఆసిఫైయింగ్ ఫైబ్రోమా, అంటే ఎముకలో కొంత చోట ఎముకకి బదులు పీచులాంటి కణజాలం ఉండటం, చాలామంది పిల్లలకి ఉంటుంది, వేరే దెబ్బకి ఎక్స్‌రే తీస్తే బయటపడుతుంది, పెద్దయ్యేసరికి దానంతటదే నిండిపోతుంది. పెద్దదై ఎముక విరిగేలా ఉంటేనే ముట్టుకుంటాం. ఆస్టియోకాండ్రోమా, అంటే ఎముక మీద బుడిపె, నొప్పో నరం మీద ఒత్తిడో లేకపోతే వదిలేస్తాం. ఎముక చివర గ్రోత్ ప్లేట్ ఉంటుంది కదా, పొడవు పెరిగేది అక్కడే, గడ్డ దానికి ఆనుకుని ఉన్నప్పుడు ఆపరేషన్‌లో గోకి తీస్తే ఆ ప్లేట్ దెబ్బతిని చెయ్యో కాలో పొట్టి అవ్వచ్చు. పిల్లాడు పెరిగేకొద్దీ గడ్డ ప్లేట్ నుంచి దూరం జరుగుతుంది, అందుకే ఆగమంటాం, బద్ధకంతో కాదు.

అపోహ: కత్తి పెడితే పాకుతుంది.

ఈ మామూలు గడ్డలకి పాకే గుణమే లేదు. క్యాన్సరేమో అని అనుమానం ఉన్న గడ్డకి మాత్రం బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, ఎక్కడపడితే అక్కడ చేయించొద్దు, ఆపరేషన్ చేసే టీమే చెయ్యాలి.

అపోహ: ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుంది.

అవ్వచ్చు, అవ్వకపోవచ్చు. సింపుల్ సిస్ట్‌కి సూదితో స్టెరాయిడ్ ఇస్తే రెండు మూడు సార్లు ఇవ్వాల్సి రావచ్చు. అన్యూరిస్మల్ సిస్ట్, అంటే రక్తం నిండిన ఖాళీలుండే గడ్డ, అయితే శుభ్రంగా గోకి గ్రాఫ్ట్, అంటే ఖాళీలో పెట్టే ఎముక ముక్కలు, నింపినా, ముఖ్యంగా చిన్న పిల్లల్లో, తిరిగి రావచ్చు, అందుకే రెండేళ్లపాటు ఎక్స్‌రేలకి రమ్మంటాం.

అపోహ: రాత్రి కాలు నొప్పంటే పెరిగే నొప్పులే.

రోజూ ఒకే చోట, ఒకే కాలు, ఐబుప్రోఫెన్ వేస్తే మాయం, మళ్లీ రాత్రికి మొదలు, ఇలా ఉంటే ఆస్టియాయిడ్ ఆస్టియోమా అయ్యుండొచ్చు. రెండు సెంటీమీటర్లు కూడా ఉండని గడ్డ. సీటీలో చూస్తూ సూది పెట్టి వేడితో కాల్చేస్తే చాలామందికి ఒకట్రెండు రోజుల్లో నొప్పి పోతుంది.

పుత్తూరు కట్టు, నూనె మర్దన గురించి అడుగుతారు. ఎక్స్‌రే చూడకుండా గడ్డున్న చోట పిసికితే, పలచబడ్డ ఎముక అక్కడే విరగొచ్చు.