ఉదయ్ శంకర్ పేరెత్తితే నాకు ఎదురయ్యే అపోహలు, అసలు సంగతులు

నేను చెన్నైలో కంటెంపరరీ డాన్స్ నేర్పిస్తా, అంతకుముందు చాలా ఏళ్ళు కూచిపూడి చేశా. క్లాసుకొచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగోళ్ళే, సాలిగ్రామం, కోడంబాక్కం వైపు నుంచి వస్తారు. ఆ మధ్య ఒకావిడ పాపని చేర్పించడానికొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూనే అడిగేశారు, "మేడమ్, ఇది వెస్టర్నా మన డాన్సా, వెస్టర్న్ అయితే వాళ్ళ నాన్నగారు ఒప్పుకోరు" అని. ఇలా అడిగినవాళ్ళందరికీ నేను మన దేశంలో మోడర్న్ డాన్స్‌కి దారి వేసిన డాన్సర్ ఉదయ్ శంకర్ కథే చెప్తా. పేరు వినగానే "సితార్ ఆయనేగా" అంటారు. కాదండీ, సితార్ రవిశంకర్ గారు తమ్ముడు, పదేళ్ళ పిల్లాడిగా అన్నగారి ట్రూపుతోనే పారిస్ వెళ్ళాడు.

అపోహ: ఫారిన్ వెళ్ళి బ్యాలే నేర్చుకొచ్చి దానికే మన బట్టలు కట్టాడు.

అసలు జరిగింది దీనికి రివర్స్. 1920లో ఆయన లండన్ వెళ్ళింది పెయింటింగ్ చదవడానికి, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో. అక్కడుండగా రష్యన్ బ్యాలే స్టార్ అన్నా పావ్లోవాతో పరిచయమైంది, ఆవిడకి ఇండియా కథలతో ఐటమ్స్ కావాలి, ఈయన రెండు చేసిచ్చాడు, ఒకటి హిందూ పెళ్ళి, ఇంకోటి రాధాకృష్ణులు. 1923లో కోవెంట్ గార్డెన్ స్టేజీ మీద ఆవిడ రాధ, ఈయన కృష్ణుడు. అంటే బ్యాలే వాళ్ళకే మనోడు కంపోజ్ చేసిపెట్టాడన్నమాట.

అపోహ: పావ్లోవా పక్కన చేశాక ఇంకేంటి, లైఫ్ సెటిల్.

ఏం సెటిలూ కాలేదు. ఆ ట్రూపు వదిలాక పారిస్‌లో కాబరేల్లో చిన్నాచితకా ఐటమ్స్ చేసుకుని బతికాడు. స్విట్జర్లాండ్ శిల్పి ఆలిస్ బోనర్ తోడొచ్చాకే సొంత ట్రూపు నిలబడింది, 1931లో పారిస్‌లో మొదటి షో. ఆయన పక్కన మెయిన్ డాన్సర్ సిమ్కీ, చీరకట్టులో చూసి మనమ్మాయే అనుకుంటారు గానీ ఫ్రెంచ్ ఆవిడ.

అపోహ: దేవుళ్ళ కథలే చేసేవాడు. కాదు. ఫ్యాక్టరీ కూలీలు, మెషీన్ల మీద 'లేబర్ అండ్ మెషినరీ' అని చేశాడు, అదీ స్వతంత్రం రాకముందే.

సినిమా గురించి కూడా, "ఒకటి తీశాడు, పోయింది, వదిలేశాడు" అని కొట్టిపారేస్తారు. డబ్బులు రాలేదు, నిజమే. కానీ 1948లో వచ్చిన 'కల్పన' తీసింది మన జెమినీ స్టూడియోలో, నటి పద్మిని గారు మొదట తెరమీద కనిపించింది అందులోనే. రిపేర్ చేసిన ప్రింటు 2012లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశారు. ఇప్పుడు ఆ స్టూడియో ఉన్నచోట హోటల్ ఉంది, రోజూ జెమినీ ఫ్లైఓవర్ ఎక్కే నా స్టూడెంట్లకే ఈ ముక్క తెలీదు, నేను చెప్తే తప్ప.

ఇంక మొండి అపోహ ఒకటుంది, గురువు లేడు, శాస్త్రీయం రాదు, ఇష్టమొచ్చినట్టు ఊగడమే మోడర్న్ డాన్స్ అని. ఇందులో సగం నిజం ఉంది, అందుకే దీన్ని పీకడం కష్టం. మొదట్లో ఆయనకి నిజంగానే పద్ధతిగా నేర్చుకున్న డాన్స్ లేదు, బొమ్మలేసేవాడి కన్ను ఉంది, గుళ్ళో శిల్పాలు, పాత చిత్రాలు చూసి ఆ భంగిమల్ని ఒంట్లోకి తెచ్చుకున్నాడు. కానీ తర్వాత శంకరన్ నంబూద్రి దగ్గర కథకళి నేర్చుకున్నాడు, 1938లో హిమాలయాల్లో అల్మోరాలో డాన్స్ సెంటర్ పెడితే కథకళికి ఆయన్నే, మణిపురికి అమోబీ సింగ్‌ని, మ్యూజిక్‌కి అల్లావుద్దీన్ ఖాన్‌ని, భరతనాట్యానికి ఇక్కడి కందప్ప పిళ్ళై గారిని పిలిపించాడు, అంటే భరతనాట్యం డాన్సర్ బాలసరస్వతి గారికి నేర్పిన నట్టువనార్‌ని, డాన్స్ గురువుని. ఇంతమందిని ఒకేచోట కూర్చోబెట్టినాయన గురువులు వద్దన్నాడంటే ఎలా నమ్మాలి? ఆ లిస్టులో మన కూచిపూడి లేదనే నాకు కాస్త మంట.

అల్మోరా పద్ధతిలో నడకే పెద్ద పాఠం. నేనూ మొదటి నెలంతా నడిపిస్తా, ఈ గోడ నుంచి ఆ గోడకి, ఎనిమిది లెక్కలో, మామూలుగా. చెప్పడానికి తేలికే. కూచిపూడి నుంచి వచ్చిన అమ్మాయిని చేతులు ఊరికే వదిలెయ్యమంటే నాలుగో అడుక్కి వేళ్ళు వాటంతటవే హంసాస్యం ముద్ర పట్టేస్తాయి, మోకాళ్ళు అరమండిలోకి, అంటే సగం కూర్చున్న భంగిమలోకి దిగుతాయి. ఐటీ కుర్రాడికైతే కుడి మోచెయ్యి వంగే ఉంటుంది, ఫోన్ బ్యాగులో ఉన్నా సరే. ముందు ఇవి వదిలించాలి, ఆ తర్వాతే కొత్త కదలిక ఏదన్నా పుట్టేది, దీనికి నాకు పట్టినంత టైమ్ జతులు నేర్పడానిక్కూడా పట్టలేదు.

ఆ చెప్పులావిడ పాపని చేర్పించారు లెండి. మూడో వారం ఫోన్ చేశారు. "మేడమ్, ఇంకా నడిపిస్తూనే ఉన్నారంట, డాన్స్ ఎప్పుడు మొదలెడతారు?"