సీయూఈటీలో తెలుగు పేపర్: అపోహలు - వాస్తవాలు

ఇంటర్ పిల్లలను సీయూఈటీ తెలుగు పేపర్‌కు తయారు చేయడం నా పని. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశాల కోసం 2022లో మొదలైన ఈ పరీక్షలో 13 భాషలకు పేపర్లున్నాయి, అందులో తెలుగు ఒకటి. మన పిల్లలు దాన్ని ఎంచుకుంటే నాకు చాలా సంతోషం. కానీ ఏటా అవే అపోహలతో వచ్చి, రావాల్సిన మార్కులు పోగొట్టుకుంటున్నారు. అది చూస్తే బాధేస్తుంది.

అపోహ: ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా, ప్రత్యేకంగా చదవక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఈ పేపర్లో నోటితో పనిలేదు, అంతా కంటితోనే. పేరాలు చదివి జవాబు గుర్తించాలి, తారుమారైన వాక్యాలను వరసలో పెట్టాలి, పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు తెలిసుండాలి. వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేస్తూ, పదో తరగతి తర్వాత తెలుగు పుస్తకం ముట్టని పిల్లలు తెర మీద పెద్ద పేరా కనబడగానే కూడబలుక్కుంటూ చదువుతారు. తెలివి లేక కాదు, అలవాటు తప్పి.

ఇంకో చిక్కుంది. క్లాసులో నేనిచ్చే ఒక పేరా చూడండి: '1847లో పని మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి డెల్టాకు సాగునీరు అందింది. వరి పంట పెరిగింది.' పేరా ప్రకారం ఆనకట్ట వల్ల కలిగిన ఫలితం ఏమిటని అడుగుతాను. ఆప్షన్లలో 'కాలువల్లో పడవల రాకపోకలు' అని ఒకటి, 'వరి దిగుబడి పెరగడం' అని ఇంకొకటి ఉంటాయి. కాలువల్లో పడవలు తిరిగిన మాట నిజమే. గోదావరి జిల్లాల పిల్లలకు అది తాతల నోట విన్న సంగతి, అందుకే టక్కున దాన్నే గుర్తిస్తారు. కానీ పేరాలో పడవల ఊసే లేదు. మనకు తెలిసిన విషయం గురించి పేరా వచ్చినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

రోజూ దినపత్రికలో సంపాదకీయ పేజీ వ్యాసం ఒకటి టైం పెట్టుకుని చదవండి. నెల తిరిగేసరికి వేగంలో తేడా మీకే తెలుస్తుంది.

అపోహ: మాది తెలంగాణ యాస (లేదా సీమ, ఉత్తరాంధ్ర యాస), మాకు నష్టం.

పత్రికల్లో కనిపించే రాత భాషను ఏ జిల్లాలోనూ ఇంట్లో అచ్చంగా అలాగే మాట్లాడరు. అది అందరూ చదివి అలవాటు చేసుకోవాల్సిందే. మీ యాసను చూసి బెంగపడకండి.

అపోహ: మీడియం తెలుగు పెడితే తెలుగు పేపర్ రాసినట్టే.

రెండూ వేరు. మీడియం అంటే చరిత్ర, గణితం లాంటి సబ్జెక్టుల ప్రశ్నలు ఏ భాషలో కావాలన్నది. తెలుగు భాషా పేపర్‌ను విడిగా ఒక సబ్జెక్టుగా ఎంచుకోవాలి. నీట్, జేఈఈ మెయిన్ సంగతి వేరే: అక్కడ తెలుగు మీడియం ఉంది గానీ తెలుగు పేపర్ లేదు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్ననే ప్రామాణికంగా తీసుకుంటారు.

అపోహ: తెలియని ప్రశ్నలు వదిలేయొచ్చు, ఛాయిస్ ఉంటుంది.

2024లో 50కి 40 రాస్తే సరిపోయేది. 2025లో ఆ ఛాయిస్ తీసేసి 60 నిమిషాల్లో 50 ప్రశ్నలు ఇచ్చారు. ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. పాత వీడియోలు చూసి ప్లాన్ వేసుకోవద్దు.

అపోహ: ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నాను కాబట్టి తెలుగు రాయకూడదు.

2025 నిబంధనల ప్రకారం పన్నెండో తరగతిలో చదవని సబ్జెక్టు కూడా పరీక్షకు ఎంచుకోవచ్చు. అయితే సీటిచ్చేది యూనివర్సిటీ, వాళ్ల షరతులు వాళ్లకుంటాయి. ఢిల్లీ యూనివర్సిటీలో చాలా కోర్సులకు ఆ 13 భాషల్లో ఏదైనా చాలు, ఇంగ్లిష్ ఆనర్స్‌కు మాత్రం ఇంగ్లిష్ పేపరే రాయాలి. ఫారం నింపేముందు మీరు కోరుకునే కోర్సు పక్కన ఏ భాష అడిగారో ఆ యూనివర్సిటీ బులెటిన్‌లో చూసుకోండి.